గుత్తి కోట మాత్రం ఇప్పుడొద్దు

చిరంజీవి అమ్మణ్ణికి, అత్త ఆశీస్సులు.

ఈ ఎండాకాలం ప్రతి ఆదివారం పిల్లలిద్దర్నీ తీసుకుని పొద్దున రైలెక్కి, రాత్రికి మళ్ళీ అనంతపురం చేరేలా తిరగాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొదట లేపాక్షి, తర్వాత పుట్టపర్తి, ఆ తర్వాత గుత్తి కోట అంట. మీ ఆయనకు సెలవు దొరక్కపోయినా ఒక్కదానివే పోతానన్నావంట. మా రోజుల్లో ధర్మవరం పోవాలన్నా తోడుగా తమ్ముణ్ణి తగిలించేవాళ్ళు. అందుకే వినగానే సంబరపడ్డాను. గుత్తి అన్న మాట చెవిన పడేసరికి ఆ సంబరం కాస్తా పోయింది. ఎందుకో చెప్తాను గానీ, ముందు చిన్న సంగతులు కానివ్వు.

జనరల్ టికెట్ ఫోన్లోనే తీసుకోవచ్చు, అది నీకే బాగా తెలుసు. చిన్నోడికి ఐదేళ్ళు నిండలేదు కాబట్టి టికెట్టు అక్కర్లేదు, పెద్దదానికి సగం. రైల్లో ఏ ఇబ్బంది వచ్చినా 139కి చెయ్యి. తిరుగు బండి తప్పిపోతే దాని వెనక ఇంకోటి ఉందో లేదో ఇంట్లోనే చూసిపెట్టుకో.

సీటు సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. హిందూపురం వైపు పోయేటప్పుడు బండి పోయే దిక్కుకు కుడిపక్క కూర్చో. పొద్దున ఎండ తూర్పు నుంచి, అంటే ఎడమ కిటికీల్లోంచి కొడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ కుడిపక్కే, అప్పుడు ఎండ పడమటి నుంచి వస్తుంది కదా. గుత్తి వైపైతే రెండుసార్లూ ఎడమ. పిల్లలు కిటికీ కోసం కొట్టుకుంటారు, కొట్టుకోనీ. ఇనప చువ్వల మీద మాత్రం చేతులు పెట్టనివ్వకు, మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి.

పెరుగన్నం కట్టుకోకు, పదకొండుకే పులుస్తుంది. నిమ్మకాయ చిత్రాన్నం చాలు. మజ్జిగలో ఉప్పు ఎక్కువే వెయ్యి, ఫ్లాస్కులో పొయ్యి. మూరెడు నూలు తువ్వాలు ఒకటి సంచిలో ఉండాలి, అందంగా ఉండక్కర్లేదు.

లేపాక్షికి హిందూపురంలో దిగితే పదిహేను కిలోమీటర్లు, బస్సులున్నాయి, ఆటోలున్నాయి. నందిని చూడాలన్నా, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చాలన్నా పొద్దున తొమ్మిదిలోపే. గుళ్ళో చెప్పులుండవు. కప్పు లేని కల్యాణ మండపం దగ్గర బండ కాలిందంటే చిన్నోణ్ణి నువ్వే మొయ్యాలి. వాడికి మందం మేజోళ్ళు వెయ్యి. పదిన్నర తర్వాత నాట్య మండపం నీడకు చేరి, పైకప్పు మీది బొమ్మలు చూపిస్తూ కూర్చో. మెడ నొప్పెడుతుందే గానీ వడదెబ్బ తగలదు.

ఇక గుత్తి. మీ నాన్న నీకీ కథ చెప్పి ఉండడు. ఇంటర్ పరీక్షలు అయిపోయిన మే నెల, మా పిన్నమ్మ ఇంటి పెళ్ళికి గుత్తి పోయాం. ఓళిగలు, నెయ్యి, కడుపు నిండా భోజనం. అది కాగానే మీ నాన్న ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని కొండ మీది కోటకు బయలుదేరాడు. పదకొండు దాటింది. ముగ్గురికీ కలిపి ఒక్క చెంబు నీళ్ళు. సగం దారిలో మేకలు కాసే ముసలాయన ఆపి, "ఇప్పుడు కాదు నాయనా, దిగండి" అన్నాడంట. స్నేహితులిద్దరూ దిగిపోయారు. మీ నాన్న మాత్రం, సగం ఎక్కేశాం కదా, ఆ కోటనేలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునే చోటు చూసే దిగుతానన్నాడు. నీది ఆ నోరే, ఆ మొండితనమే. అందుకే ఇంత రాస్తున్నా.

నెత్తి మీది ఎండ ఒక ఎత్తైతే, ఆ నల్లరాయి చిమ్మే వేడి ఇంకో ఎత్తు. పైనా కిందా రెండూ కాలుస్తుంటే ఒళ్ళు ఏ పక్కకని చల్లబడుతుంది? ముసలాయనకు అనుమానమొచ్చి వెనకే పోయాడంట. చూస్తే మీ నాన్న ఒక గోడకు చేరగిలబడి ఉన్నాడు. చెమట ఆగిపోయింది, ఒళ్ళు పొయ్యి. ఆ ముసలాయన్ను "అక్కా, అన్నం పెట్టు" అని అడిగాడంట. అక్క అంటే నేను. నేను కింద పెళ్ళింట్లో విస్తర్లు తీస్తున్నా. ఆయన తలగుడ్డ విప్పి, దగ్గరి గుంటలో నీళ్ళు తడిపి, మెడ మీదా చంకల్లోనూ పెట్టి, వాకిలి కమాను నీడకు లాక్కెళ్ళి, మనుషుల కోసం కేకలు పెట్టాడు. సాయంత్రం మంచం మీద దించుకొచ్చారు. రెండు అరచేతుల్లో బొబ్బలు, పడుతూ లేస్తూ రాయి పట్టుకున్న చోటల్లా. మా నాయన ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

చిన్నప్పుడు పదకొండు నుంచి నాలుగు దాకా వీధిలోకి పోనివ్వడని మీ నాన్న మీద ఎన్నిసార్లు ఏడ్చుకుంటూ నా దగ్గరికొచ్చావో గుర్తుందా? కారణం ఇదే. ఆయన చెప్పుకోడు.

కాబట్టి పిల్లల్లో ఎవరికైనా చెమట ఆగి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే డాక్టరు కోసం చూస్తూ కూర్చోకు. నీడకు చేర్చి తువ్వాలు తడిపి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టు, విసురు, 108కి ఫోన్ చెయ్యి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యకు, పొరబోతుంది.

గుత్తి చూడొద్దని కాదు. మద్రాసు గవర్నరు మన్రో దొర 1827లో పత్తికొండలో కలరాతో పోతే మొదట పూడ్చింది గుత్తిలోనే, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. అలాంటి కథలు ఆ ఊరికి బోలెడు. డిసెంబరులో పోదాం, నేనూ వస్తా. మోకాళ్ళున్నంత మేరకు ఎక్కుతా.

ఈలోపల లేపాక్షికి పోయిన రోజు బండెక్కగానే ఒకసారి, దిగగానే ఒకసారి ఫోన్ చెయ్యి. నాకు కాదు, మీ నాన్నకు. ఆయన అంతట ఆయన అడగడు.

మీ మేనత్త