చిల్లర కొనుగోళ్ల గేమ్‌ను నమ్ముకుని ఉద్యోగం మానేయవచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు 68 వేలు చేతికి వస్తుంది. స్నేహితుడితో కలిసి ముగ్గు చుక్కలు కలిపే పజిల్ గేమ్ తయారుచేశాను. గేమ్ ఉచితం, సూచనలు, అదనపు ప్రాణాలు 10 నుంచి 99 రూపాయలకు అమ్ముతాం. ఉద్యోగం మానేసి, నాలుగేళ్ల పీఎఫ్, అమ్మ నగల మీద అప్పు కలిపి 6 లక్షలు పెట్టాలనుకుంటున్నాను. నెలకు 50 వేలు మిగిలితే చాలు. సాధ్యమేనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: గేమ్ తయారుచేయడం మంచి ఆలోచనే. అయితే దానికి మీరు ఎంచుకున్న డబ్బు మాత్రం సరైనది కాదు. ముందుగా మీరు అడిగిన 50 వేలకు ఎంతమంది ఆడాలో లెక్క వేద్దాం.

ఉచిత గేమ్ ఆడేవారిలో అత్యధికులు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టరు. మీ ఆటగాళ్లలో నూటికి ఇద్దరు కొంటారని, కొన్నవారు నెలకు సగటున 80 రూపాయలు పెడతారని అనుకుందాం. ఏటా తొలి 10 లక్షల డాలర్ల ఆదాయంపై 15 శాతం కమీషన్ అనే పద్ధతిని గూగుల్ ప్లే 2021లో తెచ్చింది. ఆ లెక్కన మీకు 68 రూపాయలు మిగులుతాయి. 50 వేలు రావాలంటే సుమారు 735 మంది కొనాలి, అంటే నెలనెలా దాదాపు 37 వేల మంది ఆడుతూ ఉండాలి. ఇన్‌స్టాల్ చేసుకున్న పదిమందిలో ఒకరే నెల తర్వాత కూడా ఆడుతున్నారనుకుంటే 3 లక్షల 70 వేల ఇన్‌స్టాల్‌లు కావాలి. ప్రకటనల ద్వారా ఒక్కొక్కటి 5 రూపాయలకే దొరికినా ఖర్చు 18 లక్షలు దాటుతుంది. ఇవి నేను ఊహించి వేసిన అంకెలే. మీ గేమ్‌లో ఇంతకంటే మెరుగ్గా ఉండవచ్చు, అధ్వానంగానూ ఉండవచ్చు. అయినా మీ 6 లక్షలకూ ఈ 18 లక్షలకూ మధ్య ఉన్న దూరాన్ని చూడకుండా రాజీనామా ఉత్తరం రాయవద్దు. పైగా పాత ఆటగాళ్లు వెళ్లిపోతూనే ఉంటారు కనుక, ఈ ఖర్చు ఒక్కసారితో తీరేది కాదు.

ఆటగాళ్లు ఖర్చు లేకుండా వచ్చినంత కాలం ఈ వ్యాపారం ఎంత లాభసాటిగా కనిపిస్తుందో, ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో చెప్పడానికి జింగా కంపెనీ కథ సరిపోతుంది. 2009లో ఫేస్‌బుక్‌లో మొదలైన ఫార్మ్‌విల్ అనే వ్యవసాయం ఆటలో లేని పొలానికి లేని ఆవులను అమ్మి అది బాగా సంపాదించింది. 2011 డిసెంబరులో 10 డాలర్ల ధరకు మార్కెట్‌లోకి వచ్చిన దాని షేరు, ఏడాది తిరక్కుండానే 3 డాలర్ల కిందికి జారింది. ఆదాయం దాదాపు మొత్తం ఫేస్‌బుక్ మీదే ఆధారపడటం దాని పెద్ద బలహీనత. మీకు ఆ స్థానంలో ప్లే స్టోర్ ఉంది.

ఈ కొనుగోళ్లు ఎలా జరుగుతాయో మా ఇంట్లోనే చూశాను. చివరి గడి దగ్గర ఓడిపోగానే తెర మీద ఊగుతూ కనిపించే ఆకుపచ్చ బొత్తాన్ని మా మేనల్లుడు నా ఫోన్‌లో మూడుసార్లు నొక్కాడు. మూడు బ్యాంకు మెసేజ్‌లు వరుసగా వచ్చేదాకా నాకు తెలియలేదు. డబ్బు వెనక్కి అడిగాను. పిల్లలు పొరపాటున నొక్కే సొమ్మును ఆదాయంలో కలుపుకోకండి.

ఇక పెట్టుబడి సంగతి. అయిదేళ్ల నిరంతర సర్వీసు పూర్తికాకముందు తీసుకునే పీఎఫ్‌పై మామూలుగా పన్ను పడుతుంది. మీరు నాలుగేళ్ల దగ్గరే ఉన్నారు. నగల మీద అప్పుకు వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది, గేమ్ ఆదాయం ఎప్పుడు మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ రెండింటినీ వదిలేయండి. ఆరు నెలల ఇంటి ఖర్చును, ఆరోగ్య బీమాను పక్కన పెట్టాక మిగిలిన పొదుపులోంచి లక్షన్నర మించకుండా కేటాయించి, ఉద్యోగం చేస్తూనే గేమ్‌ను విడుదల చేయండి. అంతకంటే ముందు మీ నియామక పత్రం తీసి, ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్‌పై హక్కు ఎవరిదని ఉందో చదవండి. చాలామంది ఆ పేజీని సంతకం చేసిన రోజు తర్వాత తెరవరు. స్నేహితుడితో వాటాలను కాగితం మీద పెట్టుకోండి. ప్లే స్టోర్‌లో ఈ నెల అమ్మకాల సొమ్ము వచ్చే నెల మధ్యలో గానీ చేతికి రాదు కనుక, ప్రకటనల ఖర్చుకు ఆ మేరకు డబ్బు సిద్ధంగా ఉంచుకోవాలి. ఇది వ్యాపార ఆదాయం కాబట్టి జీతగాళ్లు మామూలుగా వేసే ఆదాయపు పన్ను రిటర్న్ ఫారం ఐటీఆర్-1 సరిపోదు. జీఎస్టీ సంగతి కూడా విడుదలకు ముందే ఆడిటర్‌ను అడగండి.

గెలిచిన నాణేలను నగదుగా మార్చుకునే సౌకర్యం పెడితే జనం ఎగబడతారని మీకు ఎవరో ఒకరు చెప్పకపోరు. డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి; 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం అలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టింది. ఆ మాట చెప్పినవారు మీ భాగస్వామే అయినా ఒప్పుకోకండి.

ఆరు నెలల పాటు రెండు అంకెలు రాసి ఉంచండి: ఇన్‌స్టాల్ చేసినవారిలో ముప్పయ్యో రోజున ఎంతమంది ఆడుతున్నారు, వారిలో ఎంతమంది కొంటున్నారు. వాటితో మళ్లీ రాయండి. ఉద్యోగం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.