ఫోను పోతే వెతకడానికి పెట్టిన యాప్, నన్ను వెతుకుతోంది

ప్రశ్న: మాది ఒడిశాలో పర్లాకిమిడి. పెళ్లయి ఆరేళ్లయింది, నాలుగేళ్ల బాబు ఉన్నాడు. మావారు సూరత్‌లో మగ్గాల పని చేస్తారు. ఏడాదికి రెండుసార్లు వస్తారు. నేను అత్తగారి దగ్గర ఉంటాను. కిందటి సంక్రాంతికి కొత్త ఫోను కొనిచ్చి, "పోతే వెతుక్కోవచ్చు" అని అందులో ఏదో యాప్ పెట్టారు. సరే అన్నాను. ఆ తర్వాత ఓ రాత్రి సైలెంట్‌లో ఉన్న ఫోను ఇల్లు అదిరేలా మోగింది. ఇంకోసారి "మధ్యాహ్నం పాతపట్నం ఎందుకెళ్లావు?" అని నిలదీశారు. నేను ఇంట్లోనే ఉన్నాను. చూస్తే ఆయన నంబరు నుంచి ఒక మాట, నాలుగు అంకెలు ఉన్న మెసేజీ వచ్చింది. దాని కింద నా ఫోనే మ్యాపు లింకు పంపింది! ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు 5,000 పడిన సంగతి కూడా నాకన్నా ముందు ఆయనకే తెలిసింది. భయమేసి, చదివాక మెసేజీలు వాటంతటవే పోయే యాప్ ఒకటి వేసుకున్నాను. అందులో టెక్కలిలో ఉన్న మా అక్కతోను, ఇంటర్లో నాతో చదివిన ఒకబ్బాయితోను మాట్లాడతాను. అతను విశాఖలో ఆస్పత్రిలో పని చేస్తున్నాడు, నర్సింగ్ కోర్సుల వివరాలు చెబుతాడు. అంతకు మించి ఏమీ లేదు. కానీ మావారికి తెలిస్తే నమ్మరు. ఆయన యాప్ తీసేయనా? నేను దాచుకోవడం తప్పా? అడిగితే "ఫోను కొన్నది నేనే కదా" అంటారు.

సమాధానం: అమ్మా, ఆ యాప్‌ను ఈ రోజే తీసేయకండి. తీసేసిన మర్నాడు ఆయన ఆ మాట, అంకెల కోడ్ పంపుతారు. జవాబు రాదు. అంత దూరంలో ఉన్న మనిషి ఊహ ఎక్కడికైనా పోతుంది. ఆయనకు చేయి చేసుకునే అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ జవాబులో చివరి భాగం ముందు చదవండి. లేదనుకుని మిగతాది చెబుతున్నాను.

మీ భయంలో సగం, అది ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం వల్ల వచ్చింది. పొలంలో మోటారుకు మొబైల్ స్టార్టరు పెట్టుకున్న రైతులను మీరు చూసే ఉంటారు. ఇంట్లో కూర్చుని మెసేజీ కొడితే అక్కడ మోటారు తిరుగుతుంది. మీ ఫోన్లో యాప్‌ది కూడా అదే పద్ధతి. మీకు వచ్చే ఎస్సెమ్మెస్‌లన్నీ చదువుతూ ఉంటుంది. ఆయన పెట్టిన మాట, పిన్ కనిపించగానే లేచి, అడిగిన పని చేస్తుంది: ఎక్కడున్నావంటే మ్యాపు లింకు పంపుతుంది, మోగమంటే సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది, కొన్నిటిలో ఫోనుకు తాళం కూడా వేస్తుంది. మీ ఫోన్లో నెట్ ఆగిపోయినా సిగ్నల్ ఉంటే చాలు. అందుకే నెట్ సరిగా అందని కొండ ఊళ్లలో పోయిన ఫోను దొరికించుకోవడానికి ఇది నిజంగానే పనికొస్తుంది. ఇలాంటి యాప్‌లలో బాహాటంగా, ఉచితంగా దొరికే మంచివి ఉన్నాయి. యాప్ పెట్టడమే ఒక కుట్ర అనుకోకండి. మీవారు ఆ రోజు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. తర్వాత దాన్ని వాడిన తీరే తప్పు.

ఇక పాతపట్నం గొడవ. ఇంట్లో ఉంటే జీపీఎస్ సరిగా అందదు. అప్పుడు ఫోను ఏ టవరును పట్టుకుందో దాన్నిబట్టి చోటు లెక్కగడతారు. ఆ లెక్క కొన్ని వందల మీటర్ల నుంచి కొన్ని కిలోమీటర్ల దాకా తప్పవచ్చు. మీ ఊరు సరిహద్దు మీద ఉంది, పాతపట్నం పక్కనే. మీ ఫోను ఇంట్లోంచే ఆంధ్రా టవరు పట్టుకోవడం వింత కాదు. "వెల్‌కమ్ టు ఆంధ్రప్రదేశ్" లాంటి మెసేజీలు మంచం మీద పడుకుని ఉండగా మీకు రాలేదా? ఈ సంగతి ఆయనకు కోపంగా కాకుండా, వీడియో కాల్‌లో ఉన్నప్పుడే చూపించండి. "ఇప్పుడు కోడ్ పంపండి, నేను వంటింట్లో ఉన్నాను, ఏం వస్తుందో ఇద్దరం చూద్దాం" అనండి. ఒకసారి తప్పు చూపిస్తే ఆ మ్యాపు మీద ఆయనకున్న గుడ్డి నమ్మకం కొంచెం సడలుతుంది.

సుభద్ర డబ్బు సంగతి మాత్రం విడిగా చూడాలి. ముందు బ్యాంకుకు వెళ్లి, మీ ఖాతాకు ఏ నంబరు కట్టి ఉందో అడగండి. మగవాళ్ల నంబరు ఇచ్చి ఆడవాళ్ల ఖాతా తెరవడం మన ఇళ్లలో మామూలే. అదే అయితే బ్యాంకు మెసేజీ నేరుగా ఆయనకే పోతోంది, దొంగచూపు ఏమీ లేదు, నంబరు మార్పించుకుంటే సరిపోతుంది. ఖాతాకు మీ నంబరే ఉండి కూడా ఆయనకు తెలిసిందంటే, మీ ఎస్సెమ్మెస్‌లు ఇంకెక్కడికో పోతున్నాయి. అప్పుడు ఓటీపీలు కూడా పోతున్నట్టే. సెట్టింగుల్లో ఎస్సెమ్మెస్ అనుమతి ఏ యాప్‌లకు ఉందో, యాక్సెసిబిలిటీలో (తెరను చదివే అనుమతి ఇక్కడుంటుంది), డివైస్ అడ్మిన్ యాప్స్‌లో (ఫోనుకు తాళం వేయగలిగేవి ఇక్కడుంటాయి) ఏమేం ఉన్నాయో చూడండి. గూగుల్ 2019 నుంచి ప్లే స్టోర్‌లో ఎస్సెమ్మెస్ చదివే అనుమతిని బాగా కట్టడి చేసింది. అందుకే ఇలాంటివి చాలావరకు బయటినుంచి దించుకుని వేస్తారు. అలా వేయడానికి తెరిచిన గేటు, అంటే బయటి యాప్‌లకు ఇచ్చిన అనుమతి, మీ ఫోన్లో ఇంకా తెరిచే ఉండొచ్చు. ఇవన్నీ చూసి, ఒక కాగితం మీద రాసుకోండి. ప్రస్తుతానికి చూడటం వరకే. వాట్సాప్‌లో "లింక్‌డ్ డివైసెస్" కూడా ఒకసారి తెరవండి. మీకు తెలియని కంప్యూటరో ఫోనో అక్కడ కనిపిస్తే, యాప్ గొడవ కన్నా అదే పెద్ద విషయం.

ఇప్పుడు మీరు వేసుకున్న యాప్ గురించి. దాచుకోవడం తప్పా అని అడిగారు. అక్కతో మాటలు దాచుకోవడం తప్పు కాదు. పుట్టింటి మాట, అత్తగారి మీద చిరాకు, ఒంట్లో బాగుండకపోవడం, ఇవి భర్త చదవాల్సిన పని లేదు. మనిషికి తనదంటూ కొంత ఉండే హక్కును 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాటగా రాజ్యాంగ హక్కు అన్నారు. పెళ్లితో అది పోదు. కానీ ఆ యాప్ మిమ్మల్ని ఎంతవరకు కాపాడుతుందో మీరు ఎక్కువగా ఊహించుకున్నారని నాకనిపిస్తోంది. వాట్సాప్‌లో కూడా 2016 నుంచి మెసేజీలు దారిలో ఎవరూ చదవలేని తాళంతోనే వెళ్తున్నాయి. తాళం దారికి మాత్రమే. ఫోన్లోకి వచ్చాక మెసేజీ తెరిచిన కాగితమే. మీ ఫోన్లో ఇంకో యాప్‌కు తెరను చదివే అనుమతి ఉంటే, నోటిఫికేషన్లు చూసే అనుమతి ఉంటే, మాయమైపోయే మెసేజీలు కూడా మాయమయ్యేలోపు చదవబడతాయి. అవతలివాళ్లు ఫొటో తీసుకోవచ్చు. కాబట్టి ఆ యాప్ ఉందన్న ధైర్యంతో, మామూలుగా రాయనివి అందులో రాయకండి.

ఆ అబ్బాయి విషయం సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మీ మాటల్లో చెడు ఉందని నేను అనుకోవడం లేదు. నర్సింగ్ వివరాలు అడగడంలో దాచాల్సింది ఏముంది? అయినా దాచారు. నాకు అర్థమైనంతలో మీరు దాస్తున్నది ఆ అబ్బాయిని కాదు, చదువుకుని ఉద్యోగం చేయాలన్న మీ కోరికను. ఆ మాట మీవారితో ఇంతవరకు అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. రేపు ఆయన ఆ యాప్ చూస్తే, అందులో మెసేజీలు ఉండవు, ఒక మగవాడి పేరు మాత్రం ఉంటుంది. ఖాళీ తెర కన్నా అనుమానం పెంచేది ఇంకేముంటుంది? మెసేజీలు ఉండి ఉంటే కనీసం "ఫీజు ఎంత, హాస్టల్ ఉందా" అన్న మాటలే మీకు సాక్ష్యం చెప్పేవి. అతనితో మాటలు మామూలు వాట్సాప్‌కు మార్చండి. మాయం చేసే సెట్టింగు తీసేయండి. అంతకుముందు కోర్సు సంగతి మీ నోటితో మీరే మీవారికి చెప్పండి. "ఇంటర్లో నాతో చదివినతను విశాఖ ఆస్పత్రిలో ఉన్నాడు, వివరాలు అడిగాను" అని పేరుతో సహా. ఒకటి రెండు రోజులు ముఖం ముడుచుకుంటారు. దాన్ని భరించడం తేలిక. రహస్యంగా ఉన్నది బయటపడినప్పటి రోజు వేరేగా ఉంటుంది.

ఆయన పక్కన కూడా కాసేపు నిలబడి చూద్దాం. గంజాం, గజపతి జిల్లాల నుంచి సూరత్ వెళ్లిన మగ్గం పనివాళ్ల బతుకు తెలియనిది కాదు. పన్నెండు గంటల షిఫ్టు, చెవులు దిబ్బడేసే చప్పుడు, ఒకే గదిలో చాలామంది, పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకోవడం. పక్కవాళ్లు ఎవరి ఇంటి కబుర్లో చెబుతూ ఉంటారు. "వాడి పెళ్లాం ఇలా" అన్న కథ ఒకటి చెవిన పడితే నిద్ర పట్టదు. ఇది ఆయన చేసింది ఒప్పని చెప్పడానికి కాదు. మీరు మాట్లాడబోయే మనిషి టెన్షన్ ఏమిటో తెలియడానికి.

యాప్ తీసేయడం గురించి మాట్లాడటం మాత్రం ఫోన్లో వద్దు, ఆయన వచ్చాకే. వచ్చిన రోజు కూడా వద్దు. రెండు మూడు రోజులు గడిచాక, బాబు పడుకున్నాక, అత్తగారు వినని వేళ చూసుకోండి. "నా మీద నిఘా పెట్టారు" అని మొదలుపెడితే ఆయన వెంటనే "తప్పు లేకపోతే భయమెందుకు" అంటారు, ఇక ఆ వాదన తెల్లారేదాకా సాగుతుంది. ఇలా మొదలుపెట్టి చూడండి: "ఫోను పోతే వెతకడానికని చెప్పారు, ఒప్పుకున్నాను. ఫోను పోలేదు. నన్ను వెతుకుతున్నారు. దానికి నేను ఒప్పుకోలేదు." అంతే చెప్పి ఆగండి. కొన్నది నేనే కదా అంటే, "బండి కొనిచ్చారని నేను ఎక్కడికి వెళ్లినా వెనక సీట్లో కూర్చోరు కదా" అని నవ్వుతూనే అనొచ్చు.

ఆయన ఆలోచించి ఉండని విషయం ఒకటుంది, ఇది గట్టిగా పనిచేస్తుంది. ఆ కోడ్ మాట, పిన్, మీ ఫోను పంపిన మ్యాపు లింకులు అన్నీ ఆయన ఫోన్లో మామూలు మెసేజీల్లా పడి ఉన్నాయి. ఎస్సెమ్మెస్‌కు తాళం ఉండదు. ఆయన నిద్రపోయినప్పుడు గదిలో ఎవరు ఆ ఫోను తీసినా, భార్య ఏ రోజు ఎక్కడుందో కనిపిస్తుంది. యాప్‌లో ఫలానా నంబర్ల నుంచి వస్తేనే జవాబివ్వాలన్న నియమం పెట్టకపోతే, ఆ పిన్ తెలిసిన ఎవరి ఫోను నుంచైనా మీ జాడ అడగొచ్చు. "మీకోసం పెట్టింది మీ రూమువాళ్లందరికీ కూడా పనికొస్తుంది" అని చెప్పండి. పరువు గురించి పట్టింపు ఉన్న మనిషైతే ఆ యాప్ ఆయనే తీసేస్తారు.

దాని బదులు ఏం పెట్టుకోవాలో మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో పోయిన ఫోను వెతకడానికి గూగుల్‌దే ఏర్పాటు ఉంది, ఇప్పుడు ఫైండ్ హబ్ అంటున్నారు. అది మీ గూగుల్ ఖాతాతో, మీ పాస్‌వర్డ్‌తో నడవాలి. ఫోను నిజంగా పోతే మీరే ఆయనకు చెప్పి ఇద్దరూ కలిసి వెతుకుతారు. మీరు టెక్కలికో బరంపురానికో బస్సులో వెళ్లేటప్పుడు ఆయనకు కంగారుగా ఉంటే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ మీరే పంపండి. పదిహేను నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు అని మూడు గడువులు ఉంటాయి, గడువయ్యాక అదే ఆగిపోతుంది. మీరు పంపినప్పుడే ఆయనకు కనిపిస్తుంది. సిమ్ ఎవరి పేరున ఉందో కూడా ఈ మాటల్లోనే తేల్చుకోండి. ఆయన పేరున ఉంటే మీ పేరుకు మార్పించుకోవడం మంచిది. బ్యాంకు, ఆధార్, రేపు కోర్సు దరఖాస్తు అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి.

అత్తగారిని ఇందులోకి లాగకండి. ఆమెకు యాప్ అర్థం కాదు, కొడుకు బాధ మాత్రం అర్థమవుతుంది. కోర్సు విషయంలో మాత్రం ముందుగా ఆమెనే మెల్లగా కదపండి. బాబును చూసుకునేది ఆమే కాబట్టి.

ఇప్పుడు, కొట్టడం, చంపుతాననడం, డబ్బు ఆపేయడం, పుట్టింటికి వెళ్లనివ్వకపోవడం లాంటివి ఉంటే, పైన చెప్పిన మాటల ప్రయత్నం పక్కన పెట్టండి. ఆడమనిషి ఇంటర్నెట్టు, ఫోను మెసేజీలు ఎలా వాడుతోందో కనిపెట్టుకుని ఉండటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. 2024 జులై 1 నుంచి ఈ చట్టం అమల్లో ఉంది. సహేతుకమైన కారణం ఉంటే నేరం కాదని అందులో ఉంది గాని, భర్తకు మినహాయింపు అని ఎక్కడా లేదు. 2005 నాటి గృహహింస చట్టం మాటలతో, బెదిరింపులతో, డబ్బు విషయంలో పెట్టే బాధను కూడా హింసగానే చూస్తుంది. ఆ చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసరు ఉంటారు, సఖి వన్ స్టాప్ సెంటర్‌లో సలహా, వకీలు సాయం ఉచితంగా దొరుకుతాయి. 181 మహిళల హెల్ప్‌లైన్, ప్రాణం మీదికి వస్తే 112. ఈ కాల్స్ ఆ ఫోను నుంచి చేయకండి. అంగన్‌వాడీ దీదీ ఫోనో, పక్కింటివాళ్ల ఫోనో అడగండి. బాబును తీసుకుని వెళ్లాల్సి వస్తే ఆ ఫోను ఇంట్లోనే వదిలేయండి. స్విచాఫ్ చేస్తే తెలుస్తుంది, వంటింట్లో చార్జింగ్‌లో ఉంటే ఇంట్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. కోడ్ మెసేజీలు, ఆ మ్యాపు లింకులు తుడిచేయకండి. నమ్మకమైనవాళ్ల ఫోనుతో వాటికి తేదీ కనిపించేలా ఫొటోలు తీయించి ఉంచండి. గూగుల్ పాస్‌వర్డ్ మాత్రం అక్క ఇంటికి చేరాక, అక్క ఫోను నుంచి మార్చండి.