కమిట్ మెసేజ్‌లో టికెట్ నంబరు ఒక్కటే రాస్తే సరిపోదా?

సరిపోదు. కమిట్ మెసేజ్ అంటే కోడ్‌లో చేసిన మార్పును గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో భద్రపరిచేటప్పుడు దానికి జతచేసే వివరణ, టికెట్ అంటే ఆ పనిని నమోదు చేసుకున్న చీటీ. విశాఖపట్నం మధురవాడలోని మా ఆఫీసులో నంబరుతోనే సరిపెట్టుకున్నంత కాలం సరిపెట్టుకున్నాము. తరువాత యాజమాన్యం టికెట్ల సాఫ్ట్‌వేర్‌ను మార్చింది, పాత టికెట్లు కొత్తదానిలోకి రాలేదు. కమిట్ల పక్కన ఆ నంబర్లు ఇప్పటికీ కనిపిస్తాయి కానీ, అవి దేని గురించో చెప్పగలిగినవారు ఉద్యోగాలు మారి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయారు.

పోర్టు నుంచి బొగ్గు తోలే ఒక లారీల సంస్థకు మేము కాటా సాఫ్ట్‌వేర్ చేశాము. లారీ కాటా ఎక్కాక 3 సెకన్లు ఆగి బరువు నమోదు చేసే లైను ఒకటి అందులో ఉండేది. కొత్తగా చేరిన కుర్రవాడు ఆ జాప్యం ఎందుకో తెలుసుకుందామని ఏ లైనును ఎవరు ఏ కమిట్‌లో మార్చారో చూపే గిట్ బ్లేమ్ కమాండు కొట్టి చూస్తే ‘ఫిక్స్’ అన్న ఒక్క మాట కనిపించింది. అనవసరమనుకుని తీసేశాడు, ఆ మాట చూసి ఎవరైనా అదే చేస్తారు. అక్కడి నుంచి ఒకే లారీని రెండుసార్లు తూస్తే రెండు బరువులు రావడం, డ్రైవర్లు స్లిప్పులు పట్టుకుని గుమస్తాతో గొడవకు దిగడం, వెనుక బళ్లు బారులు తీరడం మొదలైంది. తప్పు తెచ్చిన కమిట్‌ను వెతికే గిట్ బైసెక్ట్ కమాండు వెయ్యి కమిట్లనైనా సగానికి సగం చేసుకుంటూ పది పరీక్షల్లో తేల్చేస్తుంది కనుక తప్పు ఎక్కడ దూరిందో త్వరగానే దొరికింది. ఆ లైను అసలెందుకు పెట్టారో మాత్రం ఏ కమాండూ చెప్పలేదు, కాటా గుమస్తాగారు చెప్పారు: లారీ ఆగినా కాసేపు ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపు తగ్గేదాకా అంకె కుదురుకోదు. లైనును తిరిగి పెట్టినప్పుడు ఆయన మాటనే కమిట్‌లో రాశాము.

మొదటి లైను 50 అక్షరాల్లో ఉండాలని, కింది వివరణలో ఒక్కో లైను 72 దాటరాదని రివ్యూల్లో, అంటే ఒకరి కోడ్‌ను మరొకరు చూసేటప్పుడు, వాదించుకునేవారిని చూస్తే నాకు చిరాకు. 2005లో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను రాసింది లినక్స్ కెర్నెల్ కోసం, అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కోడ్ కోసం. అక్కడ ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, ఈమెయిల్‌లో వెళ్తాయి, మొదటి లైనే మెయిల్ సబ్జెక్టు అవుతుంది, కాబట్టి పొట్టిగా ఉంటే మంచిదే. కానీ కారణం రాయనివాడికి అక్షరాల లెక్క దేనికి?

మనవాళ్లు ‘ఫిక్స్’ అని వదిలేయడానికి బద్ధకం కంటే ఇంగ్లీషు తప్పు పోతుందేమోనన్న జంకే అసలు కారణమని నా గట్టి నమ్మకం. టీ కొట్టు దగ్గర అడిగితే అదే కుర్రవాడు ఏది ఎందుకు మార్చాడో తెలుగులో చక్కగా చెబుతాడు. మా రివ్యూల్లో వ్యాకరణం దిద్దడం మానేశాకే వివరణలు రావడం మొదలైంది. మీ జట్టులో అందరూ తెలుగువారే అయితే తెలుగులోనే రాయండి. గిట్ కమిట్ మెసేజ్‌లను మామూలుగా యూటీఎఫ్-8గానే తీసుకుంటుంది, తెలుగుతో సహా అన్ని లిపులనూ రాయగలిగే పద్ధతి అది.