మిద్దెతోట: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఇరవై లీటర్ల జీవామృతం (ఆవుపెండ, మూత్రం, బెల్లం, శనగపిండి పులియబెట్టిన ఎరువు నీళ్లు) కలిపి, బకెట్‌కు మూత బిగించి మిద్దె మీద పెట్టాం. మూడో రోజుకు కుళ్లిన గుడ్డు కంపు. అయినా టమాటకు పోస్తే ఆకుల అంచులు మాడిపోయాయి. ఎందుకిలా? (నల్లగొండ)

జవాబు: మూత దగ్గరే తప్పింది. మనకు కావలసిన సూక్ష్మజీవులకు గాలి ఆడాలి. గాలి ఆడకపోతే, పైగా మన ఎండకు, కుళ్లబెట్టేవి పెరిగిపోతాయి. ఆ కంపు వాటిదే. ఆ నీళ్లు కుండీలకు వద్దు, ఎండుటాకుల కంపోస్టు కుప్ప మీద పోసేయండి.

మళ్లీ కలిపేటప్పుడు 20 లీటర్ల నీటికి ఆవుపెండ కిలో, ఆవు మూత్రం లీటరు, బెల్లం 200 గ్రాములు, శనగపిండి 200 గ్రాములు, మందులు పడని గట్టు మీది మట్టి గుప్పెడు తీసుకోండి. పిండిని ముందు కొన్ని నీళ్లతో జారుగా కలుపుకోవాలి. ఉండలు కట్టిందంటే అడుగున చేరి కుళ్లేది అదే. పొంగుతుంది కాబట్టి బకెట్ పెద్దదే ఉండాలి. పైన గోనెసంచి కప్పి నీడన పెట్టి, పొద్దున, సాయంత్రం కట్టెతో అడుగు నుంచి కలపండి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేలా ముందురోజు రాత్రే మూత లేకుండా పట్టి ఉంచాలి.

ఎండాకాలంలో 48 గంటలు చాలు. పైన సన్న నురగ కట్టి, పులిసిన కల్లులాంటి వాసన వస్తే తయారైనట్టే. వారంలోగా వాడేయండి.

ఇక అంచులు మాడింది చిక్కదనం వల్ల. మూత్రంలోని లవణాలు, అమ్మోనియా పొడిమట్టిలో వేళ్లను కాలుస్తాయి. ముందు మామూలు నీళ్లు పెట్టి, సాయంత్రం పూట ఒకటికి పది పాళ్ల నీళ్లు కలిపి పోయండి. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే మీరు పోసే బోరు నీళ్లలోనే ఉప్పు ఎక్కువుండొచ్చు. అలాంటి కుండీకి వాననీళ్లు దొరికినప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి.

ప్రశ్న: పల్లి చెక్క (పల్లీల నుంచి నూనె తీశాక మిగిలేది) నానబెట్టిన నీళ్లకు వంకాయ మొక్కలు ఏపుగా పెరిగాయి, పూత మాత్రం లేదు. చీమలు కూడా పట్టాయి. (మహబూబ్‌నగర్)

జవాబు: పల్లి చెక్కలో నత్రజని దాదాపు 7 శాతం ఉంటుంది. అది ఎక్కువైతే మొక్క ఆకు మీదే పడుతుంది. 100 గ్రాముల చెక్క 2 లీటర్లలో మూడు రోజులు నానబెట్టి, రోజూ కలుపుతూ, బట్టతో వడకట్టి 20 లీటర్లు చేయండి. మొక్కకు అర లీటరు, పదిహేను రోజులకోసారి. మొగ్గ కనిపించాక ఆపేయండి.

గానుగలో ఆడించిన పల్లి చెక్కలో నూనె మిగిలి ఉంటుంది. వడకట్టకుండా పోస్తే మట్టి మీద జిడ్డు పొర కట్టి నీళ్లు ఇంకవు, చీమలొస్తాయి. పిప్పిని కుండీలో వేయకుండా కంపోస్టులో లోపలికి పూడ్చండి. బూడిదను ఈ నీళ్లలో ఎప్పుడూ కలపొద్దు, నత్రజని అమ్మోనియాగా గాలిలో పోతుంది.

ప్రశ్న: అరటి తొక్కల నీళ్లు మంచివేనా? (నాగర్‌కర్నూల్)

జవాబు: కొంచెం పొటాష్ దిగుతుంది, అంతే. తీపికి ఈగలు ముసురుతాయి. తొక్కల్ని ముక్కలు చేసి కంపోస్టులో వేస్తేనే లాభం.

ప్రశ్న: కొత్తిమీర మీద జీవామృతం చల్లొచ్చా? (సూర్యాపేట)

జవాబు: వద్దు. పెండలో రోగకారక క్రిములు ఉండొచ్చు, కొత్తిమీర, పుదీనా పచ్చివే తింటాం. విత్తే ముందు మడికి పోసుకోండి. మొలిచాక ఆకు తడవకుండా మొక్క మొదలు దగ్గరే పోయండి, అదీ కోతకు చాలా ముందే ఆపేయాలి.