32 జీబీ లాప్‌టాప్‌లో లినక్స్ వేయొచ్చా?

ప్రశ్న: 2017లో మా అమ్మాయి కోసం చవకలో 11 అంగుళాల చిన్న లాప్‌టాప్ కొన్నాం సార్. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ, విండోస్ 10. ఆన్ చేస్తే పది నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది, అప్‌డేట్‌కు చోటు లేదంటుంది. షాపులో చూపిస్తే పారేసి కొత్తది తీసుకోమన్నారు. లినక్స్ వేస్తే పనిచేస్తుందని మా తమ్ముడు అంటున్నాడు. పాప ఇప్పుడు ఇంటర్, నోట్సు టైప్ చేసుకోవాలి, పాఠాల వీడియోలు చూడాలి. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేయించండమ్మా, పారేయాల్సిన అవసరమే లేదు. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఇంకో సిస్టమ్. మీరు చెప్పినదాన్ని బట్టి మిషన్ పాడవలేదు, అది మోయలేనంత బరువు దాని మీద ఉంది. 32 జీబీలో విండోసే చాలా భాగం తినేస్తుంది, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఇంకొన్ని జీబీల ఖాళీ అడుగుతుంది, ఆ ఖాళీ దొరక్క సగంలో ఆగి మళ్లీ మొదలుపెడుతుంది, ఇదంతా వెనకాల జరుగుతుంటే మీకు కనిపించేది ఆ తిరిగే చక్రం ఒక్కటే. పోనీ స్టోరేజీ మార్పిద్దామంటే, ఈ రకం చవక లాప్‌టాప్‌లలో ఉండేది ఈఎంఎంసీ అనే స్టోరేజీ చిప్. ఫోన్లలో లాగా బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, ఊడదీసి పెద్దది పెట్టడం కుదరదు. విండోస్ 10కి మామూలుగా వచ్చే అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ కావాలి. కాబట్టి అటు వెళ్లే దారి లేదు.

నేను చెప్పేది డెబియన్ 13 అనే రకం లినక్స్, అందులో ఎల్ఎక్స్‌క్యూటీ అనే తేలికపాటి డెస్క్‌టాప్. చాలామంది లినక్స్ మింట్ అంటారు, అదీ మంచిదే, కానీ కనీసం 2 జీబీ ర్యామ్, ఇబ్బంది లేకుండా వాడాలంటే 4 అని మింట్ వాళ్లే చెబుతున్నారు, మీ దగ్గరున్నది సరిగ్గా ఆ కనీసమే.

అయితే వెంటనే ఇన్‌స్టాల్ చేయొద్దు. ముందు పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడండి. డెబియన్ లైవ్ ఫైలును (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచేది) ఇంకో కంప్యూటర్లో డౌన్‌లోడ్ చేసి, రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రాయించాలి (ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు, అంటే దాన్నుంచి కంప్యూటర్ మొదలవదు), లాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడు బూట్ మెనూ కీ నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. ఆ కీ కంపెనీని బట్టి ఎస్కేప్, ఎఫ్9, ఎఫ్12 ఇలా మారుతుంది. ఇన్‌స్టాల్ నొక్కనంత వరకూ లోపలి విండోస్‌కు ఏమీ కాదు. పెన్‌డ్రైవ్ మీద నిదానంగా నడుస్తుంది, అది చూసి బెంగ పెట్టుకోకండి, అప్పుడు చూడాల్సింది స్పీడు కాదు. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ మేలుకుంటోందా, టచ్‌ప్యాడ్ పనిచేస్తోందా, ఇవీ చూడాల్సినవి. ముఖ్యంగా సౌండ్, ఎందుకంటే ఈ చిన్న మిషన్లలో కొన్నిటికి అదే మొండికేస్తుంది. వైఫై దొరక్కపోతే మాత్రం టెన్షన్ పడొద్దు, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, ఆ తర్వాత వైఫైని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు. అన్నీ బాగున్నాయనుకున్నాకే ఫొటోలు, నోట్సు వేరేచోట దాచుకుని మొత్తం డిస్కు మీద వేయించండి. 32 జీబీలో రెండు సిస్టమ్‌లు పక్కపక్కన పెట్టాలని చూడొద్దు, రెండిటికీ చాలదు.

ఇక వీడియోల సంగతి. ఏ సిస్టమ్ వేసినా యూట్యూబ్ పేజీ బరువు తగ్గదు. రెండు మూడు ట్యాబుల కన్నా ఎక్కువ తెరవొద్దని, వీడియో క్వాలిటీ 480లో పెట్టుకోమని పాపకు చెప్పండి, బోర్డు మీది అక్షరాలు చదవడానికి 11 అంగుళాల స్క్రీన్ మీద అది సరిపోతుంది. మీ తమ్ముడితో జడ్‌ర్యామ్ కూడా పెట్టించండి. ర్యామ్ నిండుతున్నప్పుడు అప్పటికి వాడని సమాచారాన్ని అందులోనే కుదించి ఉంచుతుంది, బీరువాలో దుప్పట్లు గట్టిగా చుట్టి సర్దితే ఇంకో రెండు పట్టినట్టు. 2 జీబీ మిషన్లో ఇది లేకుండా నేనెవరికీ ఇవ్వను.

నోట్సుకు లిబ్రేఆఫీస్ ఉంది. వర్డ్ ఫైళ్లు తెరుస్తుంది కానీ ఒక్కోసారి పేజీల అమరిక మారుతుంది, అందుకని కాలేజీకి ఇచ్చేది పీడీఎఫ్ చేసి ఇవ్వమనండి. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగుల్లోనే దొరుకుతుంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటుంటే ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. ఆన్‌లైన్ పరీక్షకు ఎవరైనా విండోస్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్ అడిగితే మాత్రం ఇందులో కుదరదు, ఆ రోజుకు వేరే కంప్యూటర్ చూసుకోవాల్సిందే.

ప్రశ్న: నాది డీటీపీ పని, అంతా అను ఫాంట్లు, పేజ్‌మేకర్. నేనూ లినక్స్‌కు మారొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ కంప్యూటర్లో వద్దండీ. పాత అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, పేజ్‌మేకర్‌కు లినక్స్ వెర్షన్ లేదు. ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లున్నాయి, తిండిపెట్టే మిషన్ మీద ప్రయోగాలు చేయకండి. ఇంట్లో ఇంకో పాతది ఉంటే దానిలో వేసి చూడండి.

ప్రశ్న: 2009లో మా అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన నెట్‌బుక్ ఉంది. ఆటమ్ ఎన్270, 1 జీబీ ర్యామ్. దానికీ ఏమైనా దారి ఉందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఉంది, కానీ చిన్న దారి. అది 32 బిట్ అనే పాత రకం ప్రాసెసర్, డెబియన్ 13 నుంచి అలాంటి వాటికి ఇన్‌స్టాలర్ తీసేశారు. యాంటిఎక్స్ అనే ఇంకో తేలికపాటి లినక్స్‌లో 32 బిట్ వెర్షన్ ఉంటుంది, అది వేయండి. టైపింగ్, పాటలు, పీడీఎఫ్‌లు చదవడం, అంతవరకూ. యూట్యూబ్ ఆశ పెట్టుకోకండి. అసలు ఈ జాతి మిషన్లు లినక్స్‌తోనే మొదలయ్యాయి, 2007లో వచ్చిన ఏసస్ ఈ పీసీ 4 జీబీ స్టోరేజీ, 512 ఎంబీ ర్యామ్‌తో లినక్స్ మీదే అమ్మారు. మీ దానికి అంతకు రెట్టింపు ర్యామ్ ఉంది, బ్యాటరీ పోయి ఉంటే కరెంటుకు పెట్టి వాడుకోండి.