ముందు కొల్లేరు, తరువాత మామ్మ ఇల్లు

చిరంజీవి అమ్మాయికి, అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో చెప్పినదంతా కాగితం మీద రాసుకుని చూశాను. ఒక్క ఆదివారంలో పక్షుల కోసం ఉప్పలపాడు, కొల్లేరు, ఆపైన బంధువులవి నాలుగు ఇళ్లు. కుదరదమ్మా. ఉప్పలపాడు గుంటూరు పక్కన, కొల్లేరు ఇటు తూర్పున, మధ్యలో బెజవాడ. ఉప్పలపాడు చెరువును మరో రోజు సాయంత్రం చూడవచ్చు. ఆదివారాన్ని కొల్లేరుకు, ముదినేపల్లి మామ్మకు మాత్రమే ఇవ్వు. ముందు పక్షులు, తరువాత మామ్మ. ఈ వరుస మార్చవద్దు.

మారిస్తే ఏమవుతుందో నేను చూశాను. మీ నాన్నా నేనూ మొదటిసారి కొల్లేరులో పక్షులు చూసే చోటు, కైకలూరు పక్కనున్న ఆటపాక వెళ్లినప్పుడు దారిలో మూడు ఇళ్లలో ఆగాం. ప్రతి ఇంట్లో కాఫీ, ‘భోజనం చేసి వెళ్లండి’ అన్న బతిమాలింపు. చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తిమీద, పక్షులు నల్లటి ముద్దల్లా కనిపించాయి. ఇంత దూరం వచ్చి ఇదేనా అనిపించి, పడవ నడిపే అతన్ని గూళ్ల దగ్గరికి పోనిమ్మని నేనే బలవంతం చేశాను. ఒక్కసారిగా గూడబాతులన్నీ, అవే పెలికాన్లు, లేచిపోయాయి. అవి తిరిగి వచ్చేలోపు ఒక కాకి గూట్లో దిగి గుడ్డు ఎత్తుకుపోయింది. ఇన్నేళ్లయినా అది నా కళ్ల ముందు నుంచి పోలేదు.

అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పడవ ఎక్కగానే, గూళ్లకు దూరంగానే ఉంచమని మీరే అడగండి. తల్లి లేచిపోతే కాకికి, గద్దకు దారి ఇచ్చినట్టే. కాకి రాకపోయినా, ఈకలు రాని పిల్ల ఎండలో కాసేపటికే వాడిపోతుంది. మంచి ఫొటో రాలేదని అల్లుడుగారు నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరండి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు. దాదాపు 80 కిలోమీటర్లు. డిసెంబరులో కాలువల వెంట మంచు కమ్మేస్తుంది. ముందున్న బండి వెనుక దీపం కనిపించకపోతే టీ కొట్టు దగ్గర ఆగిపోండి, పక్షులు ఎక్కడికీ పోవు. ఇప్పుడు కోతల కాలం. రోడ్డు అంచున ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, చీకట్లో ఆ రాళ్లు కనబడవు. దారి మామ్మ ఊరి మీదుగానే కాబట్టి ఆగాలనిపిస్తుంది. ఆగవద్దు. పదకొండున్నరకు వస్తామని శనివారమే ఫోను చేసి చెప్పు. లేకపోతే ఆమె పొద్దున్నే ఇడ్లీలు వేసి, తాను తినకుండా వాకిట్లో కూర్చుంటుంది. పడవలు ఎప్పటి నుంచి నడుపుతారో కూడా ముందురోజే కనుక్కో.

ఆటపాకలో సూర్యుడిని వీపు వైపు ఉంచుకుని గట్టు మీద ఒకచోట కూర్చోండి. తిరగవద్దు. పిల్లల చేతికి బైనాక్యులర్ వెంటనే ఇవ్వకు. పది నిమిషాలు ఉత్త కళ్లతో చూడనీ. అటవీ శాఖ వారు నీళ్లలో ఇనుప మంచెలు నిలబెట్టారు, గూడబాతులు వాటి మీద కూడా గూళ్లు కడతాయి. మగది పుల్లలు తెచ్చి ఇస్తుంది, ఆడది పేరుస్తుంది. కాసేపు చూస్తే ఏది ఏదో పిల్లలే పోల్చుకుంటారు. పిల్ల తన తలను తల్లి ముక్కు కింది సంచిలోకి దాదాపు మెడ వరకూ దూర్చి చేపలు తింటుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లి దాన్ని మింగేస్తోందేమోనని భయపడ్డాను. రెక్కలు చాపి కూర్చున్నది నీటికాకి. దాని ఈకలు తడిసిపోతాయి, ఆరబెట్టుకోవాలి. ముక్కు మధ్య సందు ఉన్న కొంగ కనిపిస్తే అది నత్తలు తినే కొంగ. పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. చూసినవి ఒక నోటుపుస్తకంలో బొమ్మ వేయించు. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు.

ఆ పుస్తకమే మామ్మ ఇంటికి తీసుకెళ్లాల్సిన అసలు కానుక. స్వీట్లు వద్దు, ఆమెకు చక్కెర వ్యాధి. చేపల చెరువులు రాకముందు కొల్లేరు ఎలా ఉండేదో చూసిన మనిషి మన కుటుంబంలో ఇప్పుడు ఆమె ఒక్కతే. మామూలుగా అడిగితే ‘ఏముందమ్మా, అన్నీ మరచిపోయాను’ అంటుంది. పిల్లలు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే మాత్రం పేరు చెబుతుంది, అది ఏ నెలలో వచ్చేదో చెబుతుంది, అక్కడి నుంచి తన పుట్టింటి దోనె దాకా వెళ్తుంది. అడ్డు రావద్దు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గట్ల వల్ల బతికినవాళ్లూ, నష్టపోయినవాళ్లూ మన బంధువుల్లోనే ఉన్నారు. మామ్మ రెండు వైపులా చెబుతుంది. అల్లుడుగారిని ఆ విషయంలో వాదించవద్దను. పిల్లలకు ఇంకొకటి చెప్పు: 2024 సెప్టెంబరులో మన సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వాగు నీరు కూడా చివరికి ఆ కొల్లేరుకే చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తుంది.

కొరమీను పులుసు చేస్తుంది, కాదనవద్దు. తిన్నాక మామ్మ పక్కన మంచం మీద కాసేపు నడుం వాల్చు. ఆమె నీతో ఒంటరిగా మాట్లాడాలనుకుంటున్నవి కొన్ని ఉన్నాయి, నాకు తెలుసు. మిగతా ఇళ్ల వాళ్లకు నేను ఫోను చేసి సర్ది చెబుతాను. ఆ మాట నా మీద పెట్టు.

నాలుగు గంటలకల్లా బయలుదేరండి. పొద్దు వాలితే వరిగడ్డి ట్రాక్టర్లు వెనుక దీపం లేకుండానే రోడ్డెక్కుతాయి.

బైనాక్యులర్ నా బీరువా పై అరలో ఉంది. శనివారం సాయంత్రం వచ్చి తీసుకువెళ్లు.

మీ అత్తయ్య,
విజయవాడ