రొస్సీని ఒపేరాలు ఎందుకు మానుకున్నాడు?

ప్రశ్న: ‘విలియం టెల్’ తరువాత ఇటలీ స్వరకర్త రొస్సీని మరొక ఒపేరా (పాటలతో సాగే సంగీత నాటకం) రాయలేదని చదివాను. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: 1792లో పెసారోలో పుట్టిన జోయాకీనో రొస్సీని, 1829లో పారిస్‌లో ‘విలియం టెల్’ ప్రదర్శన నాటికి ముప్పై ఏడేళ్లవాడు, అప్పటికే దాదాపు నలభై ఒపేరాలు రాసి, యూరప్ అంతటా పేరు గడించాడు. ఆ మరుసటి సంవత్సరమే ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చి పదో చార్లెస్ రాజు పదవి కోల్పోవడంతో, ప్రభుత్వంతో రొస్సీని కుదుర్చుకున్న ఒప్పందం రద్దయి, తనకు రావలసిన భత్యం కోసం ఆయన ఏళ్ల తరబడి వ్యాజ్యం నడపవలసి వచ్చింది. ఆరోగ్యమూ దెబ్బతిన్నది. సోమరితనమే కారణమనే ప్రచారాన్ని నేను అంగీకరించను; ఏడాదికి మూడు నాలుగు ఒపేరాలు కూడా అందించిన మనిషి అలసిపోవడంలో వింతేముంది?

పరాజయానికి వెరచే స్వభావమూ కాదు. 1816లో రోమ్‌లో ఆయన ఒపేరా ‘సెవిల్ మంగలి’ తొలి ప్రదర్శనను ప్రేక్షకులు ఈలలతో గేలి చేశారు. అదే కథకు అంతకుముందే సంగీతం కూర్చిన పైసియెల్లో అభిమానులు వారిలో ఉన్నారంటారు. మన పద్యనాటకాల్లో ‘వన్స్ మోర్’ కేకల వలె, రోజుల వ్యవధిలోనే అక్కడా జేజేలు మొదలయ్యాయి.

ఆయన సంగీతాన్ని పూర్తిగా విడువలేదు: ‘స్తాబాత్ మాతెర్’ అనే క్రైస్తవ ఆరాధనా సంగీతరచన 1840ల ఆరంభంలో, మరొక ఆరాధనా సంగీతరచన 1860లలో వెలువడ్డాయి. 1868లో పారిస్‌లో మరణించాడు.